కచేరీ సమీక్షలో ‘మంత్రముగ్ధులను చేశారు’ తీసేస్తే ఏం మిగలాలి?

చివరివరుస:

మా సభ మాసపత్రికకి నెలకో కచేరీ సమీక్ష రాసే పని ఒప్పుకున్నాను. కచేరీ రెండున్నర గంటలు, సమీక్షకి 400 పదాలు. తాళం వేయగలను, తరచు పాడే రాగాలు గుర్తుపడతాను, స్వరస్థానాలు తెలుస్తాయి. అయినా రాసింది చదివితే పాటల పట్టికలా ఉంటోంది. మొన్నటి కచేరీకి రాసిన ముక్క ఇది:

“గాయని భైరవి రాగ అట తాళ వర్ణంతో కచేరీని ప్రారంభించి సభను రంజింపజేశారు. ప్రధానాంశంగా కల్యాణి రాగాన్ని విస్తారంగా, రసభరితంగా ఆలపించి ‘నిధి చాల సుఖమా’ కృతిని భావయుక్తంగా గానం చేశారు. నెరవల్, స్వరకల్పన శ్రోతలను మంత్రముగ్ధులను చేశాయి. వయొలిన్, మృదంగ విద్వాంసులు చక్కని సహకారం అందించారు. తని ఆవర్తనం ఆకట్టుకుంది.”

ఏ అంశం ఎప్పుడు మొదలై ఎప్పుడు ముగిసిందో ఫోన్‌లో రాసుకున్నాను, అవి ఉన్నాయి. అడగదలచుకున్నవి: కచేరీ జరుగుతుండగా ఇంకా ఏం రాసుకోవాలి? తప్పు వినిపిస్తే ఎలా చెప్పాలి? మృదంగం లెక్కలు పూర్తిగా అందవు, మరి తని (తాళవాద్యాలు మాత్రమే వాయించే భాగం) గురించి ఏం రాయాలి? పాతతరం సమీక్షకుల్లో కనిపించే చమత్కారం, చురక, అవి ఎలా వస్తాయి?

తంబురాతీగ:

మీ ముక్కకి ఒక పరీక్ష పెట్టండి. రాగం పేరు, కృతి పేరు మార్చేసి ఆ వాక్యాన్ని వేరే కచేరీ సమీక్షలో అతికించండి. అతికిందంటే అది సమీక్ష వాక్యం కాదు. మీరు రాసిన ఐదూ అతుకుతాయి.

కాలాలు రాసుకోవడం మంచి పని, దాన్ని ఇంకాస్త లోతుగా చేయండి. ఆలాపన 16 నిమిషాలని రాసుకుంటే చాలదు. అందులో మంద్రంలో (కింది స్థాయిలో) ఎంతసేపు, మధ్యస్థాయిలో ఎంతసేపు, తారషడ్జం (పై స్థాయి ‘స’) ఎప్పుడు చేరారు, చేరాక అక్కడ ఎంతసేపు ఉన్నారు అన్నది కావాలి. నోట్‌బుక్ పేజీని నిలువుగా మూడు భాగాలు చేసుకుంటే సరిపోతుంది: గడియారం, అంశం, విన్నది. మూడో భాగంలో విశేషణాలు రాయొద్దు, స్వరాలు రాయండి. కల్యాణి విషయమే చూడండి. షడ్జ పంచమాలు వదిలేసి ‘నిరిగమదని’ అంటూ తిరగడం ఆ రాగానికి అందం. ఆ పట్లు మొదటి ఐదు నిమిషాల్లో వచ్చాయా, అసలు వచ్చాయా? ఏ స్వరం మీద ఎక్కువసేపు నిలిచారు, గాంధారమా నిషాదమా? ‘రసభరితంగా’ అన్న మాట చెప్పలేనిది ఈ రెండు వివరాలు చెబుతాయి. సంగీతం తెలిసినవాడు దాన్ని పాడి చూసుకుంటాడు. తెలియనివాడికి కూడా రాసినాయన చెవి పెట్టి విన్నాడని అర్థమవుతుంది.

కూర్చునే చోటు కూడా ముఖ్యమే. మొదటి వరుసలో వేదిక మీద శబ్దం నేరుగా వస్తుంది, పక్క కుర్చీల్లో ఒక స్పీకరే వినిపిస్తుంది. హాలు మధ్యలో, వేదిక నుంచి మూడింట రెండు వంతుల దూరంలో కూర్చోండి. అక్కడ వయొలిన్ వినపడకపోతే విరామంలో మరో మూలకి వెళ్లి వినండి. రెండు చోట్లా వినపడకపోతే అది మైకు లోపం. వయొలిన్ విద్వాంసుడు ‘అణకువగా వాయించారు’ అని రాస్తే ఆయనకి అన్యాయం జరుగుతుంది.

శ్రుతి గురించి: ‘శ్రుతి తప్పింది’ అని రాసే ముందు అది ఎక్కడ తప్పిందో చెప్పగలగాలి. దీర్ఘంగా నిలిపిన పంచమాన్ని తంబురాతో కలిపి వినండి. స్వరం కిందుగా మొదలై నిలిపేలోపు సర్దుకుంటే గొంతు ఇంకా వేడెక్కలేదని అర్థం. మొదటి 20 నిమిషాల్లోనే ఉండి తర్వాత పోతే ఒక్క వాక్యం చాలు, లేదా వదిలేయొచ్చు. ప్రధానాంశంలో కూడా తారస్థాయికి వెళ్లినప్పుడల్లా కిందుగా పడితే మాత్రం రాయాల్సిందే. పక్కవాద్యాలు కూడా తంబురా శ్రుతినే పట్టుకుని ఉంటాయి, వాళ్ల కష్టం కూడా అందులో ఉంది.

స్వరకల్పనలో, అంటే అప్పటికప్పుడు స్వరాలు అల్లి పాడేచోట, చివరి కోరువై (లెక్కగట్టిన ముగింపు అల్లిక) సమానికి (తాళం మొదటి దెబ్బకి) చేరిందా లేదా కూడా చూసుకోండి. సమం తప్పితే రాయాలి.

400 పదాల్లో సగం ప్రధానాంశానికి ఇవ్వండి. పక్కవాద్యాలకి 80 తక్కువ కాకూడదు. తుక్కడాలకి (చివర్లో పాడే చిన్న పాటలకి) ఒక వాక్యం.

అనాగతం:

తంబురాతీగ గారు చెప్పినదాంట్లో ఒకటి సరిచేయాలి. కోరువై చేరాల్సింది ఎత్తుగడకి, అంటే పల్లవి మొదలయ్యే చోటికి. ఆ ఎత్తుగడ సమం మీదే ఉండాలని లేదు. ఆది తాళంలో చాలా కృతులు సమం దాటి అర అక్షరం (అక్షరం అంటే తాళంలో ఒక లెక్క) తర్వాత ఎత్తుకుంటాయి, కొన్ని ఒకటిన్నర తర్వాత. పల్లవి ఎక్కడ మొదలైందో గుర్తుపెట్టుకోకుండా చేతి మీద సమం మాత్రమే చూసుకునే సమీక్షకుడు, సరిగ్గా చేరిన కోరువైని తప్పిందని రాస్తాడు. కొత్తగా రాసేవాళ్లు చేసే తప్పుల్లో ఇదే పెద్దది, ఎందుకంటే అచ్చయ్యాక ఆ విద్వాంసుడికి జవాబు చెప్పుకునే చోటు ఉండదు. అందుకని ప్రతి కృతి మొదట్లోనే నోట్‌బుక్‌లో తాళం పక్కన ‘సమం’, ‘అర’, ‘ఒకటిన్నర’ అని రాసేసుకోండి. సమానికి ముందే ఎత్తుకుంటే అతీతం, దాటాక అయితే అనాగతం.

ఇక తని ఆవర్తనం. లెక్క మొత్తం అందకపోయినా రాయడానికి చాలా ఉంది. మొదలు, ముగింపు కాలాలు రాసుకోండి. వాయిస్తుండగా తాళం వేస్తూ ఒక్కో అక్షరంలో ఎన్ని మాత్రలు పడుతున్నాయో నోటితో పట్టి చూడండి. ‘తకధిమి’ సరిపోతే చతురశ్రం, ‘తకిట’ సరిపోతే తిశ్రం, ‘తకతకిట’ అయితే ఖండం, ‘తకిట తకధిమి’ అయితే మిశ్రం. ఏ గతి నుంచి ఏ గతికి, ఎంత మెత్తగా మారారు? మారిన మొదటి ఆవర్తంలో (తాళం ఒక చుట్టులో) తాళం వేసేవాళ్ల చెయ్యి తడబడిందా? ఘటమో కంజీరో ఉంటే ఇద్దరి మధ్య మార్పిడి రెండు ఆవర్తాలతో మొదలై, ఒకటి, సగం, పావు అంటూ కుదించుకుంటూ వస్తుంది. ఎక్కడిదాకా కుదించారో రాసుకోండి. చివర మోహరా (ముగింపుకి ముందు వాయించే అల్లిక), తర్వాత కోరువై మూడుసార్లు. మూడూ ఒకేలా చేరాయా? ఈ నాలుగు విషయాలు రాస్తే మృదంగం వాయించేవాడు కూడా తప్పుపట్టడు.

తని కంటే ముఖ్యమైనది కృతికి వాయించిన తీరు. ‘ఆకట్టుకుంది’ అనే ముందు ఇవి వినండి: పల్లవి మొదటి సంగతికి (ఒకే పాదాన్ని మార్చి మార్చి పాడే రూపాల్లో మొదటిదానికి) ఎంత తక్కువ వాయించారు, సంగతులు పెరిగేకొద్దీ ఎంత పెంచారు, అనుపల్లవికి వెళ్లేటప్పుడు ముక్తాయింపు (ముగింపు దరువు) సాహిత్యం మీద పడిందా లేక సాహిత్యం ముగిశాక పడిందా. నెరవల్ (ఒకే పాదాన్ని విస్తరిస్తూ పాడటం) కింది కాలంలో, నెమ్మదిగా నడుస్తుండగా మృదంగం రెండో కాలంలో, రెట్టింపు వేగంతో నింపేస్తుంటే గాయనికి చోటు ఉండదు. ఆ ఒక్క విషయమే రెండు వాక్యాలు రాయదగ్గది.

మృదంగం శ్రుతి కూడా గమనించాలి. చల్లని హాల్లో కుడి మూత శ్రుతి మారుతుంది. పాటకీ పాటకీ మధ్య సరిచేసుకోవడం మామూలే, దాన్ని ఆటంకం అని రాయకండి. సరిచేసుకోకుండా ప్రధానాంశంలోకి వెళ్లిపోతే అప్పుడు రాయండి.

మీ వర్ణం వాక్యం గురించి కూడా ఒక మాట. అట తాళం 14 అక్షరాలు: అయిదేసి అక్షరాల లఘువులు రెండు, రెండేసి అక్షరాల ద్రుతాలు రెండు. అంత పొడవు ఆవర్తంలో కాలప్రమాణం (నడక వేగం) జారిపోవడం సులువు. మొదటి ఆవర్తం ఎన్ని సెకన్లు, చిట్టస్వరం (వర్ణంలో స్వరాలు పాడే భాగం) దగ్గర ఎన్ని సెకన్లు? రెండూ ఒకటే అయితే, ‘సభను రంజింపజేశారు’ అన్న చోట ఆ మాట రాయండి.

తంబురాతీగ:

నిజమే అనాగతం గారూ, ఎత్తుగడ అనాలి. సరిచేసినందుకు సంతోషం.

పదచ్ఛేదం:

ఇద్దరూ సాహిత్యం జోలికి పోలేదు. తెలుగులో సమీక్ష రాసేవాళ్లకి ఎవరికీ లేని వీలు ఒకటుంది. కచేరీల్లో వినే కృతుల్లో పెద్ద భాగం మన భాషలో ఉన్నాయి. చెన్నైలో రాసే సమీక్షకుడు గమకం పట్టుకుంటాడు, మాట విరిగితే మాత్రం చాలాసార్లు ఆయనకి తెలియదు. మనకి తెలుస్తుంది. తెలిసీ ‘భావయుక్తంగా గానం చేశారు’ అని రాసేస్తే ఆ వీలు వృథా.

మీరు చెప్పిన కృతినే తీసుకోండి. చరణంలో ‘దమ శమమను గంగా స్నానము సుఖమా’ తర్వాత ‘కర్దమ దుర్విషయ కూప స్నానము సుఖమా’ అని వస్తుంది. కర్దమం అంటే బురద, దమం అంటే ఇంద్రియ నిగ్రహం. ‘కర్’ ముందు పాదానికి అతుక్కుని, అక్కడ ఊపిరి తీసుకుని ‘దమ దుర్విషయ’ అని ఎత్తుకుంటే నిగ్రహమే చెడ్డ విషయం అయి కూర్చుంటుంది. త్యాగరాజు పోల్చి అడిగిన ప్రశ్న తలకిందులవుతుంది.

ఇక్కడ జాగ్రత్త. ‘దమ’కి ‘దమ’ ప్రాసగా పడేలా రచనే అలా కట్టి ఉంది, కాబట్టి ‘కర్’ తాళంలో ముందుగా రావడం గాయని తప్పు కాదు. ఊపిరి తీసుకునే చోటు మాత్రం పూర్తిగా ఆవిడ చేతిలోదే. ‘సుఖమా’ తర్వాత ఊపిరి తీసుకుని ‘కర్దమ’ని ఒక్క పట్టులో పాడొచ్చు. సమీక్షలో ఆ తేడా చెప్పకుండా ‘పదచ్ఛేదం బాగాలేదు’ అని ఊరుకుంటే అది అందరికీ వర్తించే మాటే అవుతుంది, దిద్దుకోవడానికి ఎవరికీ పనికిరాదు.

నెరవల్‌కి కూడా ఇదే పద్ధతి. ఈ కృతిలో సాధారణంగా ‘మమత బంధన యుత నరస్తుతి సుఖమా’ దగ్గర చేస్తారు. చూడాల్సినవి రెండు. మొదటిది, మాటలు తాళంలో మొదట ఏ అక్షరం మీద పడ్డాయో ఎంత విస్తరించినా అక్కడే పడాలి. మిశ్రచాపు 7 అక్షరాలు, మూడు, నాలుగు. సంగతి పెద్దదయ్యేకొద్దీ ‘నరస్తుతి’ వెనక్కి జరిగిపోతుంటే వినేవాడికి కారణం తెలియకుండానే కుంటుతున్నట్టు ఉంటుంది. రెండోది, ‘మమత బంధన యుత’ వరకే పట్టుకుని అరగంట తిప్పితే ప్రశ్న పూర్తికాదు. మనుషుల్ని పొగడటం సుఖమా అన్నది కదా అడిగింది, ‘నరస్తుతి సుఖమా’ దాకా వెళ్లాలి. వెళ్లారా?

తెలుగు మాతృభాష కాని గాయకుల ఉచ్చారణ మీద ఎగతాళి వద్దు. ‘ళ’కి ‘ల’, అల్పప్రాణానికి మహాప్రాణం వంటివి అర్థాన్ని చెడగొడితేనే, ఏ మాటో చూపించి రాయండి.

కాకలి:

చమత్కారం గురించి ఎవరూ చెప్పలేదు కాబట్టి నేను.

తమిళంలో రచయిత కల్కి ‘కర్నాటకం’ పేరుతో ఆనంద వికటన్ పత్రికలో రాసినవి, తర్వాత సంగీత విమర్శకుడు సుబ్బుడు రాసినవి చదివినవాళ్లకి ఆ చురకలే గుర్తుంటాయి. వాళ్లలా రాద్దామని కూర్చునేవాళ్లకి చురక వస్తుంది, దాని కింద ఉండాల్సిన చెవి రాదు. ఇంకో మాట: సుబ్బుడు పేరు మీద నోటిమాటగా తిరిగే చమత్కారాలు చాలా ఉన్నాయి, ఎప్పుడు ఎక్కడ రాశారో చూపించలేనివి సమీక్షలో ఎత్తిరాయకండి.

నేను పాటించే నియమం ఒకటే: చమత్కారం తీసేస్తే దాని కింద సరిచూడదగ్గ సంగీత విషయం మిగలాలి. ‘ఆలాపన వింటూ నిద్రపోయాం’ అన్నదాంట్లో ఏమీ మిగలదు. ‘16 నిమిషాల ఆలాపనలో తొమ్మిది నిమిషాలు తారషడ్జం దగ్గర కాపలా కాశారు’ అన్నదాంట్లో రెండు అంకెలు, ఒక స్వరం మిగులుతాయి. ‘కల్యాణి వేళకే వచ్చింది, ప్రతి మధ్యమం మాత్రం చివరిదాకా దారిలోనే ఉంది’ అన్నది మధ్యమం నిజంగా మొదటి నుంచి చివరిదాకా కిందుగా పడితేనే రాయాలి. రెండుసార్లు పడితే ఆ వాక్యం అబద్ధం. అప్పుడు ‘రెండుచోట్ల మధ్యమం కిందుగా పడింది’ అని మామూలుగా రాయాలి, ఎంత మంచి చమత్కారమైనా వదులుకోవాలి.

వాక్యం కట్టే తీరు కూడా ఉంది. తెలుగులో క్రియ చివర వస్తుంది, చురక ఆ క్రియ మీద పడాలి. ‘కాపలా కాశారు, తారషడ్జం దగ్గర, తొమ్మిది నిమిషాలు’ అని తిప్పితే చప్పగా అవుతుంది. అంకె ముందు, చోటు తర్వాత, క్రియతో ముగింపు. ఆశ్చర్యార్థకం పెట్టొద్దు, ‘పాపం’ వద్దు, కొటేషన్ గుర్తులతో వెక్కిరింపు అసలే వద్దు. సమీక్షకి ఒకటి చాలు. దాన్ని మొదటి పేరాలో పెడితే తర్వాత మీరు మనస్ఫూర్తిగా మెచ్చుకున్నది కూడా వెటకారంలా చదువుకుంటారు. మధ్యలో పెట్టండి.

మెచ్చుకోలులో కూడా చమత్కారం పనికొస్తుంది, తక్కువమంది వాడతారు. ‘గాయని 16 నిమిషాల్లో వెళ్లని మంద్ర గాంధారానికి వయొలిన్ ఏడు నిమిషాల్లో వెళ్లి వచ్చింది’ అంటే ఒకరికి మెచ్చుకోలు, ఒకరికి సూచన, రెండూ వినయంగానే అందుతాయి. ‘చక్కని సహకారం’ కంటే అది వయొలిన్ విద్వాంసుడికి నిజమైన గౌరవం.

దేని మీద పడకూడదో కూడా చెప్పాలి. వయసు, శరీరం, చీర, వేదిక మీది హావభావాలు, జలుబు చేసిన గొంతు. చురక కళాకారుడు తీసుకున్న నిర్ణయం మీద పడొచ్చు, శక్తి మీద పడకూడదు. తారషడ్జం దగ్గర తొమ్మిది నిమిషాలు ఉండటం నిర్ణయం. తారస్థాయిలో గొంతు సన్నగా ఉండటం శరీరం. మొదటి కచేరీ చేస్తున్న పిల్లల మీద అసలు వద్దు.

చివరగా, మీ చెవిని మీరే అనుమానించాల్సిన చోట్లు. భైరవిలో ఆరోహణలో చతుశ్రుతి ధైవతం, అవరోహణలో శుద్ధ ధైవతం వస్తాయి. కాంభోజిలో ‘సనిపదస’ అన్నచోట కాకలి నిషాదం వస్తుంది. ఇవి రాగ లక్షణాలు. మేళకర్త (మూల రాగాల) పట్టిక చూసి ‘అన్యస్వరం దొర్లింది’ అని రాసిన సమీక్షలు అచ్చయ్యాయి, రాసినవాళ్ల పేరుతో పాటు అవి ఇంకా అలాగే ఉన్నాయి. ఆనందభైరవి-రీతిగౌళ, దర్బారు-నాయకి, ఆరభి-దేవగాంధారి: ఈ జంటల్లో ఏ రాగమో అనుమానం ఉంటే కచేరీ అయ్యాక వయొలిన్ విద్వాంసుణ్ని అడగండి. చెబుతారు, సంతోషంగా చెబుతారు.

ముందే లేచి వెళ్లాల్సివస్తే ఏ అంశం దాకా విన్నారో సమీక్షలో రాసేయండి.

చివరివరుస:

అందరికీ నమస్కారం. నోట్‌బుక్, ఫోన్‌లోని కాలాలు ముందు పెట్టుకుని ప్రధానాంశం మళ్లీ రాశాను. వర్ణం ఆవర్తాలకి సెకన్లు లెక్కపెట్టలేదు, అందుకని దాని గురించి ఏమీ అనలేదు. నెరవల్‌కి ‘నరస్తుతి సుఖమా’ దాకా వెళ్లారు, అది రాసుకున్నాను.

“కచేరీ బరువంతా కల్యాణి మీద, 59 నిమిషాలు. ఆలాపన 16 నిమిషాలు. మొదటి ఐదింటిలో షడ్జ పంచమాలు వదిలిన పట్లతో గాంధారం చుట్టూ గాయని రాగాన్ని కట్టిన తీరు నెమ్మదిగా, నిండుగా ఉంది. తర్వాత తొమ్మిది నిమిషాలు తారషడ్జం దగ్గరే కాపలా కాశారు. వయొలిన్ ఏడు నిమిషాల్లోనే మంద్ర గాంధారం దాకా దిగి వచ్చి ఆ లోటు తీర్చింది. ‘మమత బంధన యుత’ దగ్గర నెరవల్ రెండు కాలాల్లోనూ మాటల చోటు చెదరలేదు, ‘నరస్తుతి సుఖమా’ దాకా వెళ్లి ప్రశ్నని పూర్తి చేసింది. చరణంలో ‘కర్దమ’ మాత్రం ‘కర్’ దగ్గర ఊపిరి తీసుకోవడంతో రెండుసార్లు విరిగి, బురద అన్న అర్థం పోయింది. కింది కాలం నెరవల్‌కి మృదంగం చాలా తక్కువ వాయించి చోటిచ్చింది. తని 12 నిమిషాలు. చతురశ్రం నుంచి తిశ్రానికి మారినప్పుడు ముందు వరుసల్లో తాళం వేస్తున్న చేతులు ఆగలేదు. కోరువై మూడుసార్లూ ఎత్తుగడకి చేరింది.”

కాకలి:

బాగుంది. ‘ఆ లోటు తీర్చింది’ కొట్టేయండి, ‘దిగి వచ్చింది’ దగ్గర ఆపండి. పక్కపక్కన రెండు వాక్యాలు ఉన్నాయి కాబట్టి లోటు చదివేవాళ్లకి కనబడుతుంది. మీరు వేలు పెట్టి చూపిస్తే వయొలిన్‌కి ఇచ్చిన మెచ్చుకోలు కూడా గాయని మీద ఫిర్యాదుగా మారిపోతుంది.

పదచ్ఛేదం:

‘రెండుసార్లు విరిగి’ దగ్గర ఒక అనుమానం. ఆ పాదం మొత్తం ఎన్నిసార్లు పాడారు? నాలుగుసార్లు పాడితే రెండుసార్లు సరిగ్గా వచ్చినట్టు, అది కూడా రాయాలి. పాడింది రెండుసార్లే అయితే అది ఆవిడ నేర్చుకున్న పాఠమే.

చివరివరుస:

రెండుసార్లే పాడారు. ‘పాడిన రెండుసార్లూ విరిగి’ అని మారుస్తున్నాను.